దుర్గి సింహం, పెంగ్విన్ గుర్తు లేని ఆట

నాకు లినక్స్ నేర్పింది గురజాల నుంచి వచ్చిన నా స్నేహితుడు. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. వాళ్లది మిరప, పత్తి వేసే పెద్ద రైతు కుటుంబం. మాది దుర్గిలో రాయి చెక్కే ఇల్లు. వాడి లాప్‌టాప్ కొత్తది. నాది మూడు చేతులు మారి నా దాకా వచ్చింది. నేను దాన్ని ఆన్ చేసి, మెట్లు దిగి టీ తాగి వచ్చినా విండోస్ ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ఒక ఆదివారం పొద్దున వాడు ఆ అవస్థ చూడలేక పెన్‌డ్రైవ్ పెట్టి, ఉన్నదంతా తుడిచేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు. మధ్యాహ్నం మెస్సుకి వెళ్లే వేళకి నా లాప్‌టాప్ పరిగెత్తుతోంది.

నేను అడిగిన మొదటి మాట, మరి గేముల సంగతేంది అని.

మా అంతస్తులో ఉన్న కుర్రాళ్లందరం గేములు ఆడేవాళ్లం. కొన్నవాడు ఒక్కడూ లేడు. ఎవడో ఎక్కడి నుంచో దించిన కాపీ పెన్‌డ్రైవులో గది గదికీ తిరిగేది. వాడు మాత్రం వాటిని ముట్టేవాడు కాదు. ఎందుకని అడిగితే ఒకసారి నిదానంగా చెప్పాడు.

"ఎవడో ఏళ్ల తరబడి కూర్చుని చేసిన పనిరా అది. వాడికి చెప్పకుండా తీసుకుంటే దొంగతనం కాదా?"

నాకు ఆ మాట బాగా పట్టింది. నాన్న ఒక బొమ్మ మీద నెలల తరబడి కూర్చోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. కంప్యూటర్ ఆట వెనక కూడా అట్లా కూర్చున్న మనిషి ఉంటాడని అంతకు ముందు నాకు తట్టలేదు. ఆ రోజే నా పెన్‌డ్రైవులో ఉన్న కాపీలన్నీ తీసేశా.

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో ప్రతి ఆట కింద చిన్న గుర్తులుంటాయి. ఆ ఆట దేని మీద నడుస్తుందో అవి చెప్తాయి. కిటికీ బొమ్మ ఉంటే విండోస్, పెంగ్విన్ ఉంటే లినక్స్. పెంగ్విన్ ఉంటేనే కొను అనేది వాడు నాకు పెట్టిన నియమం. మనం పెంగ్విన్ ఉన్నవే కొంటే చేసేవాళ్లు మన గురించి ఆలోచిస్తారు అనేవాడు. నేను మొదట కొన్నది వాగులో చిన్న పడవ నడిపే ఆట. ఎక్కడో దూరదేశంలో ఒకే ఒక్క మనిషి చేసింది. తగ్గింపు ధర వచ్చేదాకా మూడు వారాలు ఆగి, ఫోన్‌లోంచి డబ్బు కట్టా. నా పేరు కింద ఆ ఆట కనిపిస్తే ఇంట్లో కొత్త సామాను దిగినట్టుంది. ఇద్దరం ఒకే కీబోర్డు మీద, ఎడమవైపు వాడు, కుడివైపు నేను, రోజూ సాయంత్రం ఆ పడవ తోలేవాళ్లం.

లినక్స్‌లో ఆట అంటే ఒక్కోసారి ఆట కంటే ముందు పని ఎక్కువ. ఏదో అప్‌డేట్ వస్తుంది, తెర నల్లగా అయిపోతుంది. మొదట్లో నేను కంగారుపడిపోయేవాణ్ణి. వాడు పక్కన కూర్చుని ఒక్కొక్క లైను టైపు చేయించేవాడు. తాను చేసి పెట్టేవాడు కాదు, నా చేతే చేయించేవాడు. ఈ రోజుకీ నాకు వచ్చినదంతా అట్లా వచ్చిందే.

చదువయ్యాక నాకు మాచర్లలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు పని దొరికింది. దుర్గి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. వాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరాడు. సాయంత్రాలు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, వాడక్కడ నేనిక్కడ, కలిసి ఆడేవాళ్లం. మా అమ్మకి వాడి గొంతు బాగా తెలుసు. స్పీకర్లో వాడు నవ్వితే వంటింట్లోంచి అన్నం తిన్నావా నాయనా అని అడిగేది.

రెండేళ్లు గడిచాక వాడు తానే ఒక ఆట చేస్తున్నానని చెప్పాడు. భూమి లోపల రాతి ఊరు ఒకటి ఉంటుంది. ఆడేవాళ్లు అందులో నడుస్తూ పోవాలి. దారికి అడ్డంగా శిల్పాలుంటాయి. ఏ శిల్పాన్ని ఎటు తిప్పితే ఏ తలుపు తెరుచుకుంటుందో కనిపెట్టాలి. వాడికి కావలసినవి శిల్పాలు. మీ ఊరు వస్తా, మీ నాన్న చెక్కినవి ఫోటోలు తీసుకుంటా అన్నాడు.

వచ్చి మూడు రోజులు మా ఇంట్లో ఉన్నాడు. ఒక్కో బొమ్మ చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ వందల ఫోటోలు తీశాడు. వాటన్నిటినీ కలిపితే కంప్యూటర్ అదే బొమ్మని లోపల నిలబెడుతుందని నాన్నకి వివరించాడు. నాన్న పని ఆపుకుని బొమ్మల మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచాడు. ఎండ ఎక్కువైతే టార్పాలిన్ పట్టాడు. బరువైనవి నేనూ నాన్నా కలిసి తిప్పి పెట్టాం. నంది, నాగపడగలు, రెండు మూడు పూలపలకలు అయ్యాక చివరికి సింహం దగ్గరికొచ్చాడు.

ఆ సింహం గురించి చెప్పాలి. ఒక గుడి ద్వారానికని చెక్కమన్నారు, మోకాలెత్తు ఉంటుంది. చెక్కుతుండగా కుడి భుజం దగ్గర రాయిలో గోధుమరంగు చార బయటపడింది. ఇంకొకరైతే రాయి చెడిపోయిందని పక్కన పడేసేవాళ్లు. నాన్న రెండు రోజులు ఉలి ముట్టకుండా దాన్నే చూస్తూ కూర్చుని, తరువాత ఆ చారని జూలులో ఒక పాయగా కలిపేశాడు. కావాలని రంగు వేసినట్టుంటుంది. గుడివాళ్లు మచ్చ ఉందని వద్దన్నారు. నాన్న వేరేది చెక్కి ఇచ్చాడు. ఈ సింహం మా ఇంటి ముందే ఉండిపోయింది. దాన్ని అమ్మమని ఎవరన్నా అడిగితే నాన్న ధర చెప్పేవాడు కాదు.

మూడో రోజు బస్సుకి బయలుదేరే ముందు వాడు నాన్న ముందు నిలబడి అన్నాడు.

"బాబాయ్, మీ సింహం నా ఆటలో తల తిప్పుతది. ఆట అయిపోయాక పేర్లు పడతయ్ చూడండి, అందులో మీ పేరు ముందుంటది."

నాన్న భోంచేసి పొమ్మన్నాడు. తరువాత నా వైపు తిరిగి వాడు ఇంకో మాట చెప్పాడు. విడుదలైన మొదటి రోజే పెంగ్విన్ గుర్తు ఉంటుంది, మొదటి కాపీ నువ్వు కొనాలి అని. నేను బస్టాండు దాకా బండి మీద దింపి వచ్చా.

ఆ తరువాత ఏడాదిన్నర పాటు వాడు చేసినంత మేరకు ఆటని నాకు పంపేవాడు. నేను నా పాత లాప్‌టాప్‌లో, లినక్స్‌లో ఆడి తప్పులు పట్టేవాణ్ణి. బడి నుంచి రాగానే అదే పని. నీడలు నల్లటి ముద్దల్లా పడుతున్నాయి, రెండో తలుపు దగ్గర శబ్దం ఆగిపోతోంది, ఫ్యాను మోత ఎక్కువగా ఉంది, ఇట్లా ప్రతి చిన్నదీ రాసేవాణ్ణి. ఎంత చిన్నదైనా వదలకు, ప్రతిదీ విడిగా రాయి, నాకు లెక్క ఉండాలి అనేవాడు వాడు. సరిచేసి మళ్లీ పంపేవాడు. సింహం తల తిప్పితే రాయి రాయి రాసుకున్న శబ్దం రావాలి. ఆ శబ్దం కోసం నాన్న చేత రెండు రాళ్లు రుద్దించి ఫోన్‌లో రికార్డు చేసి నేనే పంపా.

తరువాత ఆట అమ్మిపెట్టే కంపెనీ ఏదో దొరికిందని చెప్పాడు. చానా సంతోషించా. అప్పటి నుంచి నాకు పంపడం ఆగింది. కంపెనీవాళ్లే పరీక్ష చేసుకుంటారట. మెల్లగా సాయంత్రాలు కలిసి ఆడడమూ తగ్గింది. పనిలో మునిగాడు, ఇంకేముంది అనుకున్నా.

దుకాణంలో ఆ ఆట పేజీ పెట్టిన రోజు నేను బడి ల్యాబులో ఉన్నా. పిల్లలు టైపింగ్ చేస్తుంటే ఫోన్‌లో తెరిచి చూశా. కిటికీ గుర్తు ఒక్కటే ఉంది. ఇంకా నింపలేదేమో అనుకుని వాడికి మెసేజ్ పెట్టా. సాయంత్రానికి జవాబు వచ్చింది. ముందు విండోస్, తరువాత లినక్స్ అని. నేను నమ్మా. అట్లా చేసేవాళ్లు చానామంది ఉన్నారు, అదేం కొత్త కాదు.

విడుదలైన రోజు మాటిచ్చినట్టే కొన్నా. పెంగ్విన్ లేని ఆటని నేను కొనడం అదే మొదటిసారి. ఆ నియమం పెట్టినవాడి ఆట కోసమే దాన్ని తప్పా.

విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని పేరు వైన్. చానా ఆటలు దాంతో పేచీ లేకుండా నడుస్తాయి. వాడిది నడవలేదు. నల్ల తెర వచ్చి ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం నుంచి దాంతోనే కుస్తీ. ఫోన్‌లో బడిలో పనిచేసే ఇంకో టీచరుతో, వైన్ మార్చి చూశా, పాత వైన్ పెట్టినా లాభం లేదు అంటుంటే మా అమ్మ విని గుమ్మంలో నిలబడిపోయింది. అది తాగేది కాదని నచ్చచెప్పడానికి కాసేపు పట్టింది. ఆ దుకాణంలో రెండు గంటల లోపే ఆడిన ఆటని వాపసు ఇవ్వచ్చు. ఆ రెండు గంటలూ నల్ల తెర చూడడంలోనే అయిపోయాయి. అయినా వాపసు ఇచ్చే ఆలోచన నాకు లేదు.

ఆదివారం పొద్దున పదకొండింటికి తెర మీద వెలుతురు వచ్చింది. రాతి ఊరు కనిపించింది. నాన్నని పిలిచా. ఆయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ వెనక నిలబడింది. నంది కనిపిస్తే అమ్మ వేలెత్తి చూపించింది.

నాలుగో తలుపు దగ్గర సింహం వచ్చింది. కుడి భుజం మీద చార అట్లాగే ఉంది. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇది మనదే," అన్నాడు.

నేను దాని దగ్గరికి నడిపించి, తల తిప్పే బటన్ నొక్కా. ఏమీ కాలేదు. అటూ ఇటూ చూస్తే నా చేతిలో, అంటే ఆటలో ఉన్న మనిషి చేతిలో, పెద్ద సుత్తి ఉంది. అది నాకు పంపినప్పుడు లేదు. ఏం చెయ్యాలో నాకు తెలియక సుత్తి బటన్ నొక్కా. సుత్తి లేచి సింహం మొహం మీద పడింది. ముక్కు ఊడిపోయింది. నేను వేలు తీసేలోపే ఇంకో దెబ్బ పడింది. సింహం ముక్కలై కింద కూలింది, లోపల్నుంచి తలుపు తాళంచెవి బయటపడింది. ఆ కొత్త ఆటలో దారి అదే. శిల్పాన్ని తిప్పడం తీసేశారు. పగలగొడితేనే ముందుకు పోగలం. రాలిన ముక్కల్లో ఒకదాని మీద ఆ గోధుమరంగు పాయ కనపడుతూనే ఉంది.

నాన్న కాసేపు ఆ ముక్కల వైపే చూశాడు.

"ఇందుకా అబ్బాయ్ అన్ని ఫోటోలు తీసుకుపోయింది," అని లేచి బయటికి వెళ్లాడు. కొద్దిసేపటికి ఉలి శబ్దం మొదలైంది. ఆదివారాలు ఆయన పని చెయ్యడు.

ఆ వారమంతా కూర్చుని నేను ఆటని చివరిదాకా ఆడా. పేర్లు చూడాలని. ప్రతి శిల్పాన్నీ పగలగొట్టుకుంటూ పోవలసి వచ్చింది. చివర పేర్లు వచ్చాయి. శిల్పాలు, రూపకల్పన అన్నచోట వాడి పేరు ఒక్కటే ఉంది. పరీక్షించినవాళ్లలో నా పేరు లేదు. తెరని వెనక్కి జరిపి రెండోసారి చదివా. తరువాత వాడు ఎవరికో ఇచ్చిన వీడియో ఇంటర్వ్యూ చూశా. ఇంత సహజమైన శిల్పాలు ఎట్లా వచ్చాయని వాళ్లడిగితే, మా పల్నాడు శిల్పాలు చిన్నప్పటి నుంచి చూసి మనసులో ఉన్నవి, కంప్యూటర్లో రెండేళ్లు కష్టపడి నేనే చెక్కాను అని చెప్పాడు. చెక్కాను అనే అన్నాడు.

పేరు సంగతి నాన్నకి చెప్పా. ఆయనకి అది తగల్లేదు. గుళ్లలో బొమ్మల కింద మా వాళ్ల పేర్లు ఎప్పుడున్నాయి, ఇప్పుడుండడానికి అన్నాడు. పగలగొట్టడం గురించి మాత్రం మళ్లీ ఎత్తలేదు. అది మాట్లాడే విషయం కాదన్నట్టుండేవాడు. నాకు పేరే కావాలి. పెంగ్విన్ కావాలి. మాట కావాలి.

ఫోన్ చేస్తే వాడు తీయలేదు. మిరప కళ్లాల రోజుల్లో ఇంటికొచ్చాడని కాలేజీలో మాతో చదివినవాడొకడు చెప్తే, సెలవు పెట్టి మాచర్ల మీదుగా గురజాల బస్సెక్కా. వాళ్ల కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. నన్ను చూడగానే వాడు ఫోన్ జేబులో పెట్టుకుని ఎదురొచ్చాడు. ఆట బాగా పోతోందని, నువ్వు వస్తావనుకున్నానని ఏదేదో చెప్పాడు. నేను ముందు లినక్స్ సంగతి అడిగా.

కంపెనీవాళ్లు వద్దన్నారని చెప్పాడు. ఎందుకు వద్దన్నారని అడిగితే, తప్పుల లెక్క అడిగారట. వచ్చిన కంప్లైంట్లలో సగానికి పైగా లినక్స్ నుంచే ఉన్నాయట. ఇంత తలనొప్పి ఎవరికి కావాలి, ఆడేది నలుగురు అన్నారట.

"ఆ కంప్లైంట్లన్నీ నేను రాసినయ్యే కదరా," అన్నా. "నువ్వు ప్రతిదీ విడిగా రాయమంటే రాశా."

వాడు కాలితో మిరపకాయలు సర్దాడు. అది వాళ్లకి చెప్పావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

నాన్న పేరు గురించి అడిగా. పేరు వేస్తే ఆయన సంతకం కావాలి, కాగితాలు కావాలి, అందుకని తానే చేసినట్టు రాసుకున్నామన్నాడు. అడిగితే నాన్న సంతకం పెట్టేవాడు కదా అన్నా.

"పెట్టేవాడే," అన్నాడు. "అడిగితే మీరు ఏం అడుగుతారో అని భయమేసింది."

మీరు అన్నాడు. గదిలో ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి మాకు. నా వైపు చూస్తూ వాడు మా ఇంటిని మొత్తం కలిపి మీరు అన్నాడు.

సింహాన్ని ఎందుకు పగలగొట్టించావని అడిగితే మాత్రం వాడికి నిజంగా అర్థం కాలేదు. ఆడేవాళ్లకి ఏదో ఒకటి కొట్టాలిరా, తిప్పడం బోరన్నారు, అయినా అది ఫోటోనేగా, మీ సింహం మీ ఇంట్లోనే ఉందిగా అన్నాడు. ఇంకో ఆట మొదలుపెడుతున్నానని, అందులో తప్పకుండా పేరు వేస్తానని చెప్పాడు. వాళ్లమ్మ మజ్జిగ తెచ్చింది. మా అమ్మ ఎట్లా ఉందని అడిగింది. తాగకుండా రావడం నాకు చేతకాలేదు. ఖాళీ గ్లాసు ఆమెకే ఇచ్చి వచ్చేశా.

ఇంటికొచ్చి దుకాణంలో ఆ ఆట కింద నా అభిప్రాయం రాశా. దీనికి పెంగ్విన్ గుర్తు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఇందులో శిల్పాలు మా నాన్న దుర్గిలో రాతితో చెక్కినవి, కంప్యూటర్లో చెక్కినవి కావు. అంతే రాశా. సింహం ఫోటో జతచేద్దామంటే అక్కడ వీలు కాలేదు. కింద కొందరు ఆధారం చూపించమన్నారు. ఒకడు అసూయ అన్నాడు. లినక్స్ వాడేవాళ్లు కొందరు మాత్రం ఆట ఎట్లా నడిపించావో చెప్పమని అడిగితే, అన్ని సెట్టింగులూ వరసగా రాసిపెట్టా. అది రాస్తున్నప్పుడు కూడా నా చేతులకి తెలుసు, ఆ పద్ధతి ఎవరు నేర్పిందో.

నెల తిరక్కముందే ఆటకి అప్‌డేట్ వచ్చింది. దొంగ కాపీలు ఆడకుండా కొత్త తాళం ఏదో కలిపారు. ఆ తాళం వైన్‌ని చూసి నన్ను దొంగ కాపీ వాడేవాడిగా లెక్కేసింది. అసలు కాపీతోనే ఆడమని తెర మీద ఒక లైను వస్తుంది, ఆట మూసుకుంటుంది. నా పేరు కింద కొన్న ఆటల వరసలో అది ఇప్పటికీ ఉంది. తెరవదు. వరసలోంచి తీసేసే వీలున్నా నేను తీయలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

వాడు తరువాత రెండుసార్లు ఫోన్ చేశాడు. ఒకసారి అమ్మ ఎత్తి, వాడు పొలం పనుల గురించి చెప్తుంటే విని, ఆరోగ్యం జాగ్రత్త నాయనా అని పెట్టేసింది. అన్నం తిన్నావా అని మాత్రం అడగలేదు. నేను గమనించా. అడగొద్దని ఆమెకి నేనేమీ చెప్పలేదు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో దుకాణంలో ఇంకో చిన్న ఆట చూశా. కొండ మీద మేకలు కాచే ఆట, చేసింది ఇద్దరు అక్కచెల్లెళ్లట. పెంగ్విన్ ఉంది. కొన్నా. ఏ తిప్పలూ లేకుండా మొదటిసారే తెరుచుకుంది. మేకలు నేను చెప్పినట్టు వినకుండా రాళ్లెక్కి కూర్చుంటుంటే నవ్వొచ్చింది. గంటసేపు ఆడాక ఎవరికన్నా చెప్పాలనిపించి ఫోన్ తీశా. బడిలో పనిచేసే టీచరుకి చేద్దామా అనుకున్నా, అతనికి ఆటలు పట్టవు. కాసేపు ఫోన్ చేతిలో పెట్టుకుని పేర్లు కిందికీ పైకీ జరుపుతూ కూర్చుని, మళ్లీ మేకల దగ్గరికే వెళ్లా.